సరంగు మాట

నిన్న సాయంత్రం లాయరు ఆఫీసులో పూసిన సిరా సన్యాసమ్మ ఎడంచేతి బొటనవేలి మీద ఇంకా అలాగే ఉంది.

పొద్దున లేచి, ఆ చేతిని దేనికీ తగలనీయకుండా దూరంగా పట్టుకుని పొయ్యి రాజేసింది. ఒంటిచేత్తోనే అన్నం వార్చింది. వార్చేటప్పుడు గంజి చిమ్మి పాదం మీద పడినా అబ్బా అనలేదు. గుడిసెలో ఉన్నది ఇద్దరే, తల్లీ కూతురూ. నిన్న గవర్నరుపేట నుంచి కృష్ణలంక దాకా నడిచి వచ్చినప్పటి నుంచీ ఆ ఇద్దరి మధ్యా ఒక్క మాట లేదు.

కొండలమ్మ చాలాసేపు ఓర్చుకుంది. ఓర్పు ఆమెకు మొదటి నుంచీ తక్కువే. పైగా గడువు ఈ సాయంత్రం దాకానే.

"అమ్మా, ఆ వేలు కాయితం మీదన్నా పెట్టు, లేకపోతే కడుక్కోనన్నా కడుక్కో. దాన్నట్టా నా కళ్ళ ముందు పెట్టుకుని తిరగమాక."

"పూసింది లాయరుబాబు. ఆయనే వచ్చి తుడుచుకుంటాడు" అంది సన్యాసమ్మ.

"సాయంత్రం ఢిల్లీ బండికి ఆ కాయితం వెళ్ళకపోతే ఇంకెవరూ రారు. నీ అల్లుడు అసలే రాడు."

సన్యాసమ్మ కంచంలో అన్నం పెట్టి కూతురి ముందుకు తోసింది. ఎంత కోపం వచ్చినా కూతురికి అన్నం పెట్టకుండా ఉండటం ఆమెకు చేతకాదు. కొండలమ్మ కంచాన్ని వెనక్కి తోసింది. అన్నం మీద ఎండురొయ్యల పులుసు ఆవిర్లు చిమ్మి చిమ్మి చల్లారిపోయింది.

ఆ కాయితంలో ఉన్నవి నాలుగే వాక్యాలు. సముద్రానికి అవతల, అరబ్బు దేశంలోని ఒక రేవులో, నాగులు అనేవాడు ఎల్లారావు అనేవాణ్ణి చంపాడని అక్కడి కోర్టు తేల్చింది. ప్రాణానికి ప్రాణం తీయమంది. చనిపోయినవాడి తల్లి క్షమించానని రాసిస్తే మాత్రం శిక్ష తప్పుతుందట. చనిపోయిన ఎల్లారావు సన్యాసమ్మకు ఒక్కగానొక్క కొడుకు. చావబోతున్న నాగులు ఆమెకు అల్లుడు, కొండలమ్మకు మొగుడు. ఈ వరస మొదటిసారి విన్నప్పుడు లాయరు అచ్యుతరామారావు కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ మొదటి నుంచి చెప్పించుకున్నాడు.

అయినవాళ్ళ మధ్య క్షమాపణ ఎంతసేపు, వేలిముద్ర వేసినంతసేపే అనుకున్నాడాయన. నిన్న టైపిస్టు కనకవల్లి కాయితం పైకి చదువుతుంటే సన్యాసమ్మ కూడా బుద్ధిగానే వేలు చాపి సిరా పూయించుకుంది. "నా కుమారుడు ఎల్లారావును చంపిన నాగులును" అన్న చోటికి వచ్చేసరికి చెయ్యి వెనక్కి లాక్కుంది.

"నాగులు నా కొడుకుని చంపలేదు గదా" అంది. ఇక ఎవరెంత చెప్పినా వినలేదు.

*

పదిగంటలప్పుడు లాయరే సందులోకి వచ్చాడు. వెనక కనకవల్లి, ఆమె చంకలో ఫైలు.

అచ్యుతరామారావుకు అరవై నిండాయి. చెప్పులకు బురద అంటితే మొహం చిట్లించే మనిషి. ఇంట్లో ఉల్లిపాయ కూడా వండరు. అటువంటివాడు ఎండుచేపల గంప పక్కన, బోర్లించిన చెక్కపెట్టె మీద కూర్చుని, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకోకుండా ఉన్నాడంటే, ఈ కేసు ఆయన్ని ఎంత పట్టుకుందో తెలుసుకోవచ్చు. కనకవల్లి గుమ్మంలోనే నిలబడింది. సన్యాసమ్మ గంపతో గవర్నరుపేట వీధుల్లో తిరిగే రోజుల్లో రొయ్యపప్పు బేరం మీద పరిచయమైన మనిషి ఆవిడ. వీళ్ళను లాయరు దగ్గరకు తీసుకువెళ్ళింది కూడా ఆవిడే. ఆవిడ కష్టసుఖాలు వేరే ఉన్నాయి గానీ, ఇక్కడ అవి మనకు అనవసరం.

"చూడు సన్యాసమ్మా" అన్నాడు అచ్యుతరామారావు, వీలైనంత మెత్తగా. "నువ్వు చెప్పిన ఆచారం సంగతి నేను అర్జీ రాసి పంపానా లేదా?"

"పంపారండి."

"వాళ్ళు దాన్ని విన్నారా?"

"వినకపోతే ఇంకోసారి చెప్పాలి బాబుగారూ. చెవిటోడికి రెండుసార్లు చెప్పమా?"

ఆ ఆచారం సంగతి ఇది. నాగాయలంక అవతల, సముద్రపు ఒడ్డున వీళ్ళ పల్లె ఉండేది. పడవ మీదకు వెళ్ళిన మనిషి నీళ్ళలో పోతే, పడవ నడిపిన సరంగు ఒడ్డుకు రాగానే తన ఇంటికి పోకూడదు. తడిబట్టలతో పోయినవాడి గడప ముందు నిలబడి, "మీ మనిషిని నేనే చంపాను" అనాలి. గాలివల్ల పోయాడనీ కెరటంవల్ల పోయాడనీ అనకూడదు. ఆ ఇంటి మనిషి పడవ తాడుతో అతని వీపు మీద మూడు దెబ్బలు కొట్టాలి. కొట్టిన చేత్తోనే చెంబుతో నీళ్ళివ్వాలి. అతను ఆ నీళ్ళు తాగితే ఇక ఆ చావు మీద పల్లెలో ఎవరూ మాట్లాడకూడదు. దాన్ని సరంగు మాట అంటారు.

ఎల్లారావు ఎనిమిదేళ్ళవాడిగా ఉన్నప్పుడు సన్యాసమ్మ మొగుడు అలాగే పోయాడు. అప్పటి సరంగు కాశీరావు, నాగులు తండ్రి. అతను గడప ముందు నిలబడి ఆ మాట అన్నప్పుడు సన్యాసమ్మ మూడు దెబ్బలూ చేతనైనంత గట్టిగా కొట్టింది. నీళ్ళిచ్చింది. నాలుగేళ్ళ తరవాత ఆ కాశీరావు కొడుక్కే కూతుర్నిచ్చి పెళ్ళి చేసింది. ఆ పెళ్ళిలో ఎవరూ ముఖం పక్కకు తిప్పుకోలేదు.

రెండేళ్ళ కిందటి ఉప్పెనలో పల్లె పోయింది, పడవలు పోయాయి. నాగులుకూ కొండలమ్మకూ ఉన్న ఒక్క కూతురు, నాలుగేళ్ళ నాంచారి, అందులోనే పోయింది. మిగిలినవాళ్ళు బెజవాడ చేరి కృష్ణలంకలో గుడిసె వేసుకున్నారు. సముద్రం తప్ప మరో పని తెలియని బావా బావమరదులు ఇద్దరూ ఎవరో ఏజెంటు మాట నమ్మి బొంబాయి మీదుగా అరబ్బు రేవుకు వెళ్ళారు. అక్కడ ఒక చేపల పడవకు నాగులు సరంగు, ఎల్లారావు అతని కింద కళాసీ. తొమ్మిది నెలలు తిరక్కుండానే ఎల్లారావు పోయాడని తెలిసింది. ఎలా పోయాడో ఆ కబురులో లేదు, నీళ్ళలోనే అనుకున్నారు. పోలీసులు అడిగితే, నేనే చంపానని నాగులు అన్నాడనీ తెలిసింది.

ఆ కబురు విన్న రోజున సన్యాసమ్మ కొడుకు కోసం నేల మీద పడి ఏడ్చింది. అల్లుణ్ణి మాత్రం ఒక్క మాట అనలేదు. "పరాయి దేశంలో కూడా సరంగు మాట తప్పలేదు, పిచ్చినాగన్న" అంటూ అతని కోసం కూడా ఏడ్చింది. లాయరు ఆ మాట నమ్మాడు. నమ్మే మూడు నెలల కిందట అర్జీ రాశాడు. అక్కడివాళ్ళకు అది చేపలవాళ్ళు కల్పించిన కథలాగా కనిపించింది కాబోలు, ఒక్క ముక్కలో తోసేశారు.

"ఇంక మిగిలింది నీ క్షమాపణ ఒక్కటే" అన్నాడు అచ్యుతరామారావు. "చంపాడని రాస్తేనే క్షమించాననటానికి అర్థం ఉంటుంది. చంపలేదు కానీ క్షమించాను అని రాస్తే దాన్ని చెత్తబుట్టలో వేస్తారు. మా బావమరిది సాయంత్రం ఢిల్లీ వెళుతున్నాడు. స్వయంగా తీసుకెళ్ళి ఇవ్వాల్సినచోట ఇస్తాడు. పోస్టులో వేస్తే ఎప్పుడు చేరుతుందో ఆ దేవుడికే తెలియాలి. వాళ్ళు నెల తిరిగేలోపు శిక్ష అమలు చేస్తారు. అర్థమవుతోందా?"

"అవుతోందండి."

"మరి?"

సన్యాసమ్మ తొందరగా మాట్లాడే మనిషి కాదు, తొందరగా మాట మార్చే మనిషి అసలే కాదు.

"బాబుగారూ, నాగులు హంతకుడని పోయినోడి కన్నతల్లిని నేనే వేలు పెట్టి చెబితే, రేపు మావాళ్ళలో ఏ సరంగు ఏ గడప ముందు నిలబడతాడు? ఆ మాట అన్నందుకు అత్తే అల్లుడి మీద రాసిచ్చిందంట అని చెప్పుకోరా? అప్పటి నుంచీ అందరూ గాలి చంపింది, కెరటం చంపింది అంటారు. పోయినోళ్ళ పెళ్ళాలకి ఇంక కొట్టటానికి వీపు కూడా ఉండదు."

"నీ నిజం నీ దగ్గర భద్రంగా ఉంటుంది. అల్లుడు మాత్రం ఉండడు."

"ఉండకపోతే ఏడుస్తాను. కొడుక్కి ఏడ్చినట్టే ఏడుస్తాను. అబద్ధం మీద మాత్రం వేలు పెట్టను."

అచ్యుతరామారావు లేచాడు. ముప్పై అయిదేళ్ళ ప్లీడరీలో అబద్ధం చెప్పొద్దని తను బతిమాలినవాళ్ళు ఎందరో ఉన్నారు. ఒక్క అబద్ధం చెప్పమని బతిమాలవలసి రావటం ఇదే మొదలు. ఆ అవమానం ఆయన మొహంలో కనిపించింది. కరకట్ట మీద కాసేపు తిరిగి వస్తాననీ, గంటలో ఏ సంగతో తేల్చుకోమనీ చెప్పి గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు. ఫైలు కనకవల్లి దగ్గరే ఉంది.

*

కనకవల్లి కొండలమ్మను సందు చివర కుళాయి దగ్గరకు పిలిచింది. నీళ్ళు వచ్చే వేళ కాదు గనక అక్కడ ఎవరూ లేరు.

"ఇంక చెప్పక తప్పదు" అంది కనకవల్లి.

కొండలమ్మ కుళాయి గట్టు మీద కూలబడింది.

ఏం చెప్పాలో ఆ ఇద్దరికే తెలుసు. పది రోజుల కిందట ఉయ్యూరు మనిషి ఏసుపాదం ఆ రేవు నుంచి తిరిగి వచ్చాడు. జైల్లో ఉన్న నాగుల్ని చూసి వచ్చినవాడు అతనొక్కడే. చొక్కా మడతలో దాచి తెచ్చిన ఉత్తరం చేపల బజారులో కొండలమ్మ చేతికి ఇచ్చాడు. ఆ వేళ సన్యాసమ్మ పక్కన లేదు. కొండలమ్మకు చదువు రాదు. మధ్యాహ్నం ఆఫీసు వసారాలో కనకవల్లి చేత చదివించుకుంది. కనకవల్లి మొదటి నాలుగు వాక్యాలు మామూలుగానే చదివింది. తరవాత గొంతు తగ్గించింది. చివరికి వచ్చేసరికి ఉత్తరం మడిచి, ఇక చదవలేనన్నట్టు చేతిలో పెట్టేసింది.

నాగులు అన్నది సరంగు మాట కాదు. నిజం మాటే. ఎల్లారావు నీళ్ళలో పోలేదు. ఒడ్డు మీద, నాగులు చేతి దెబ్బకు పోయాడు.

ఇంటిల్లిపాదీ, లాయరూ, బజారులో చేపలమ్మే వాళ్ళూ, అందరూ ఆచారం చూసి బోల్తాపడ్డారు. అంత గట్టి ఆచారం ఉన్నచోట ఒక మనిషి నేనే చంపానంటే, నిజంగానే చంపి ఉంటాడని ఎవరికి తడుతుంది?

"నేను మా లాయరుగారికి కూడా చెప్పలేదు" అంది కనకవల్లి. "చెబితే ఈ కాయితం ఆయన ఆపుతాడని కాదు. నీ ఇంటి సంగతి నువ్వు చెప్పాలి గానీ నేను చెప్పకూడదనుకున్నాను."

"చెబితే వేలు పెట్టుద్దా అండి?"

"చెప్పకపోతే పెట్టదు. అది చూశాం గదా."

అదే ఉచ్చు. చంపలేదని నమ్మినంతకాలం తల్లి ఆ కాయితం ముట్టుకోదు. చంపాడని నమ్మితే, కన్నకొడుకుని చంపినవాడి ప్రాణం ఎందుకు కాపాడుతుంది? పది రోజులుగా కొండలమ్మ ఆశ ఒక్కటే. తల్లికి సంగతి తెలియకుండానే వేలిముద్ర పడిపోవాలి, మొగుడి ప్రాణం దక్కాలి, తమ్ముడి చావు తల్లి దృష్టిలో నీటి చావుగానే ఉండిపోవాలి. ఎవరికీ అదనంగా నొప్పి కలగకుండా గట్టెక్కాలనుకుంది. అలా గట్టెక్కటం మనుషులకు సాధారణంగా కుదరదు.

"నన్ను చెప్పమంటావా?" అని కనకవల్లి మళ్ళీ అడిగింది.

"వద్దండి. నా నోటితో వింటే నన్నన్నా కొడతది. మీ నోటితో వింటే ఎవర్ని కొడతది?"

లేచి, కుళాయి కింద తొట్టిలో మిగిలిన నీళ్ళతో మొహం కడుక్కుంది. బొడ్లో సంచి ఉంది, సంచిలో ఉత్తరం ఉంది. ఈ పది రోజులూ స్నానానికి వెళ్ళినప్పుడు తప్ప దాన్ని ఒంటి మీద నుంచి తీయలేదు.

*

సన్యాసమ్మ చేటలో ఎండురొయ్యలు పోసుకుని ఒంటిచేత్తో ఏరుతోంది. కూతురు లోపలికి వచ్చి ఎదురుగా కూర్చున్నా తల ఎత్తలేదు. కనకవల్లి గుమ్మం బయటే ఆగింది.

"అమ్మా, నీ అల్లుడన్నది సరంగు మాట కాదు."

సన్యాసమ్మ చెయ్యి ఆగలేదు.

"నిజంగానే చంపాడు. నీళ్ళల్లో కాదు, గట్టు మీద. తెడ్డుతో కొట్టాడు. మన ఎల్లారావుని."

చెయ్యి ఆగింది. సన్యాసమ్మ తల ఎత్తి కూతుర్ని చూసింది. ఆ చూపులో బాధ లేదు, కోపం కూడా లేదు, అసహ్యం ఉంది. కొండలమ్మ ఎన్నో ఊహించుకుంది గానీ అది మాత్రం ఊహించలేదు.

"వేలిముద్ర కోసం మొగుడి మీద ఇంత మాట పుట్టిస్తావా?" అంది సన్యాసమ్మ.

"పుట్టించటం కాదమ్మా."

"నిన్నటి దాకా నువ్వేగా చెప్పింది, మా ఆయన ధర్మం తప్పని మనిషి అని. లాయరుబాబుకి చెప్పావు, బజారంతా చెప్పావు. ఇయ్యాల బండి టైమయ్యేసరికి హంతకుడైపోయాడా? ఇట్టాంటి బిడ్డనా నేను కన్నది? కాయితం రాసినోళ్ళు పరాయోళ్ళు, వాళ్ళకి తెలవదు. నీకు తెలవదా?"

కొండలమ్మ ఏడవలేదు. సంచి విప్పి ఉత్తరం తీసి, మడత విప్పకుండా అలాగే గుమ్మంవైపు చాపింది. కనకవల్లి చెప్పులు విడిచి లోపలికి వచ్చింది. ఉత్తరం అందుకుని మడత విప్పింది. ఆఫీసులో ఎన్ని ఉరిశిక్షల కాయితాలు టైపు కొట్టిందో గానీ, ఇటువంటిది ఇంకొకరి ఇంట్లో నిలబడి పైకి చదవవలసి రాలేదు.

ఐదో తరగతి దాకా చదివిన మనిషి రాత అది. కనకవల్లి తడుముకుంటూ చదివింది.

"నేను సరంగు మాట అన్నాననుకుంటున్నారని ఏసుపాదం చెప్పాడు. కాదు కొండలూ. ఎల్లారావు నీళ్ళల్లో పోలేదు. ఆ రోజు మాకు పని లేదు. గట్టు మీద పడవకి తారు రాస్తన్నాం. పాప మాటొచ్చింది. ఇన్నాళ్ళూ అడగంది ఆ రోజు అడిగాను. నాంచారి నీ భుజం మీంచే గదరా పోయింది, నా చేతిలోనే పోయింది బావా అని ఒక్కసారి అను, మూడు దెబ్బలు కొట్టి నీళ్ళిస్తాను, తీరిపోద్ది అన్నాను. ఉప్పెన తీసుకుపోయినదాన్ని నేనెందుకు అనాలి అన్నాడు. నవ్వాడనిపించింది. నవ్వలేదేమో. తెడ్డు చేతిలో ఉంది. ఒకటే దెబ్బ. నేను వాణ్ణి చంపాలనుకోలేదు అని రాస్తే నువ్వు నమ్ముతావని తెలుసు. నాకే తెలవదు. అత్తకి చెప్పొద్దు. ఆవిడ అనుకుంటన్నదే అనుకోనియ్యి."

చదవటం అయిపోయాక కూడా కనకవల్లి కాయితంవైపే చూస్తూ నిలబడింది. తల ఎత్తటానికి ఆవిడకు ధైర్యం లేదు.

సన్యాసమ్మ చేటను పక్కకు జరిపింది. రొయ్యలు కొన్ని నేల మీద పడ్డాయి. వాటిని ఒక్కొక్కటే ఏరి చేటలో వేసింది. అన్నీ ఏరాక కూడా చెయ్యి నేల మీద వెతుకుతూనే ఉంది.

"నీకెప్పుడు తెలిసింది?"

"పది రోజులైంది."

"పది రోజులూ పక్కనే పడుకున్నావు."

కొండలమ్మ తల దించుకుంది.

"నిన్న ఆ ఆఫీసులో నన్ను సిరా పూయించుకోమంది కూడా నువ్వే."

"నేనే."

బయట సందులో రిక్షావాడెవడో బెల్లు కొట్టుకుంటూ పోయాడు. పక్క గుడిసెలో ఆదెమ్మ ఎవరినో నీళ్ళకు పిలుస్తోంది. ఇంత జరుగుతుంటే లోకం తన పని తాను చేసుకుపోవటం కొండలమ్మకు మొదటిసారి కాదు. ఉప్పెన మర్నాడు కూడా ఎండ బాగానే కాసింది.

"వాణ్ణి అనొద్దని చెప్పింది నేనే" అంది సన్యాసమ్మ.

కొండలమ్మకు అర్థం కాలేదు.

"ఎల్లారావు అంటానన్నాడే. ఉప్పెన తీశాక నాలుగో రోజు, బావ దగ్గరకి పోయి ఆ మాట అనేసొస్తానే అమ్మా, నాకు నిద్ర రాటల్లేదు అన్నాడు. నేనే చెయ్యి పట్టుకు ఆపాను. నువ్వు సరంగువా, అది పడవా, గాలికి పోయినదానికి నువ్వెందుకు అనాలిరా అన్నాను. మీ బావ కోపంలో ఉన్నాడు, ఇప్పుడు పోతే మూడు దెబ్బలతో ఆగడు అన్నాను. నాకు వాడొక్కడే మిగిలాడు. దెబ్బ తగులుద్దని భయపడ్డాను."

ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పింది. కాశీరావు వీపు మీద మూడు దెబ్బలు కొట్టి ఆచారం నిలబెట్టిన మనిషి, తన కొడుకు వీపు దగ్గరకు వచ్చేసరికి ఆచారాన్ని పక్కన పెట్టింది. ఏ తల్లి పెట్టదు? అయినా ఆ మూడు దెబ్బలు అప్పుడే తిని ఉంటే ఎల్లారావు ఇవాళ బతికి ఉండేవాడన్న సంగతి ఆ గుడిసెలో ముగ్గురికీ ఒకేసారి తెలిసింది. కనకవల్లి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

కొండలమ్మ ముందుకు జరిగి తల్లి మోకాలు పట్టుకుంది. అది ఓదార్చటానికో, తను పడిపోకుండా ఉండటానికో ఆమెకే తెలియదు. సన్యాసమ్మ ఆ చేతిని తీసేయలేదు, తన చెయ్యి దాని మీద వేయనూ లేదు.

కరకట్ట మీద నుంచి అచ్యుతరామారావు తిరిగి వచ్చాడు. గుమ్మం దగ్గర దగ్గాడు. లోపలి మొహాలు చూసి, ఏదో జరిగిందని తెలుసుకుని, ఏమీ అడగకుండా బయటే నిలబడిపోయాడు. కనకవల్లి మెల్లగా ఫైలు తెరిచి కాయితం తీసి చెక్కపెట్టె మీద పరిచింది. పక్కన సిరా డబ్బా పెట్టింది. నిన్నటి సిరా వేలి మీద ఎండిపోయింది, మళ్ళీ పూయాలి.

సన్యాసమ్మ ఆ కాయితాన్ని చూసింది. నిన్న అందులో అబద్ధం ఉందని చెయ్యి తీసింది. ఇవాళ అందులో ఉన్న ప్రతి ముక్కా నిజమే.

"కొండలూ."

"అమ్మా."

"ఇన్ని రోజులూ నువ్వు నన్నడిగింది వేలిముద్ర. క్షమించమని ఒక్కసారన్నా అడిగావా?"

కొండలమ్మ గుర్తు తెచ్చుకుంది. బతిమాలింది, పోట్లాడింది, కంచం తోసేసింది. ఆ మాట మాత్రం అడగలేదు.

"లాయరుబాబు కాయితం అడుగుతాడు. అది ఆయన పని. నువ్వడగాల్సింది వేరే ఉంది. నా మొగుడు నీ కొడుకుని చంపాడు, వాణ్ణి క్షమించమ్మా అని నా మొహం చూసి అడుగు. నువ్వడిగితే అప్పుడు చూస్తాను నా మనసేమంటదో."

కొండలమ్మ తల ఎత్తింది. తల్లి మొహం సూటిగా చూసింది. నోరు తెరిచింది.

మాట రాలేదు. మళ్ళీ ప్రయత్నించింది. పది రోజులుగా మొగుడి ప్రాణం కోసం పరుగెత్తిందే గానీ, తన తమ్ముణ్ణి చంపినవాణ్ణి తను క్షమించిందో లేదో ఆమె తనను తాను ఒక్కసారి కూడా ప్రశ్నించుకోలేదు.

తల్లి ఆమె మొహంలోకే చూస్తూ కూర్చుంది.